రాకెట్టు శాస్త్రవేత్త రాబర్టు గాడ్డార్డు

దీపావళి నాటి రాత్రి మనమందరము తారాజువ్వలు కాల్చియే యుందుము. నిప్పంటించినంతనే జువ్వ బుస్సుమని పైకి లేచి, చుక్కలను తాకునా యన్నట్లు సాగి, క్షణకాలము వెలిగి, పిదప ఏ ఇంటి కప్పు మీదనో ఏ పొలము గట్టుననో పడిపోవును. అది ఎంత ఎత్తు పోయినది, ఎంత వేగముతో పోయినది, పైన గాలి ఎంత చల్లగా నున్నది అని మనము విచారింపము. వెలుగు చూచి ఆనందించి, కాలిన పుల్లను మరచిపోదుము. అట్లు మరచిపోక, పైకి పోయిన జువ్వ ఏమి చూచి వచ్చినదో తెలిసికొనవలెనని జీవితమంతయు శ్రమించిన మహనీయుడొకడు కలడు. ఆయనయే అమెరికా దేశీయుడగు ఆచార్య రాబర్టు గాడ్డార్డు. ద్రవ ఇంధనముతో నడచు రాకెట్టును ప్రపంచమున మొట్టమొదట ఎగురవేసినవాడును, అట్టి రాకెట్టులో కొలత పరికరములనుంచి మొదట పైకి పంపినవాడును ఆయనయే.

ఈ జీవితమును మన పత్రికలో వ్రాయుటకు మాకొక కారణము కలదు. నేడు పలు దేశములలో విద్యార్థులును, ఔత్సాహికులును చిన్న రాకెట్టులు చేసి యెగురవేయుచున్నారు. వాటిలో నమర్చు ఎలక్ట్రానిక్ పరికరముల పటములను, వాటిని నడపు ఆదేశముల వరుసలను దాచుకొనక లోకమునకు పంచి పెట్టుచున్నారు. ఒకరు చేసినదానిని మరియొకరు చూచి, లోపము దిద్ది, మెరుగుచేసి, తిరిగి అందరికిని ఇచ్చుచున్నారు. ఈ పద్ధతి విలువ యెంతటిదో తెలియవలెనన్న, దానికి దూరముగా నిలిచి ఒంటరిగా కృషిచేసిన గాడ్డార్డు జీవితమును తెలిసికొనుట కంటె మంచి మార్గము మాకు కనబడలేదు.

రాబర్టు గాడ్డార్డు 1882వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన మాసచూసెట్సు రాష్ట్రములోని వూస్టరు పట్టణమున జన్మించెను. బాల్యము చాలవరకు బోస్టను ప్రాంతమున గడచెను. తండ్రి నేహమ్ గాడ్డార్డు యంత్రములన్న మక్కువ గలవాడు. కుమారుని కుతూహలమును గమనించి ఆయన దూరదర్శినిని, సూక్ష్మదర్శినిని సమకూర్చెను. శాస్త్ర విషయములు ప్రకటించు పత్రికను తెప్పించి యిచ్చెను. 1898లో తల్లికి క్షయరోగము సోకుటచే కుటుంబము తిరిగి వూస్టరు చేరెను. రాబర్టు సైతము బలహీనమైన దేహము గలవాడు. తరచు జబ్బుపడి బడి మానవలసి వచ్చుటచే తోటివారికంటె రెండేండ్లు వెనుకబడెను. ఆ కాలమున పుస్తకములే ఆయనకు స్నేహితులైనవి.

పదునారేండ్ల ప్రాయమున ఆ బాలుడు అల్యూమినియపు రేకుతో బెలూనొకటి చేసి, హైడ్రోజను వాయువు నింపి యెగురవేయ బూనెను. రేకు బరువెక్కువగుటచే అది నేలవిడువలేదు. వేరొక బాలుడైనచో దానిని మూలకు విసరివేసి యుండును. రాబర్టు తాను చేసినదంతయు, అది యెగురకపోవుటతో సహా, పుస్తకములో వ్రాసి పెట్టుకొనెను. ఓడిన ప్రయత్నమును గూడ శ్రద్ధగా వ్రాసియుంచు ఈ అలవాటు ఆయనను కడవరకు విడువలేదు. ఆయన కీర్తికి పునాది ఈ అలవాటే యని మేము తలంచెదము.

1899వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన జరిగినది చిన్న సంఘటనయే. కాని అది ఆయన జీవితమును మలుపు త్రిప్పెను. అప్పటికి ఆయన వయస్సు పదునేడేండ్లు. అంగారక గ్రహవాసులు భూమిపై దండెత్తినట్లు హెచ్.జి. వెల్సు వ్రాసిన నవల చదివి ఆ భావములలో మునిగియున్న దినములవి. ఇంటి వెనుకనున్న చెర్రీ చెట్టెక్కి ఎండుకొమ్మలు నరుకుచుండగా, అంగారకునివరకు పోగల యంత్రమొకటి తన కాళ్ల క్రిందనున్న పచ్చికబయలునుండి లేచిపోవుచున్నట్లు ఆయన మనస్సునకు తోచెను. చెట్టెక్కిన బాలుడు వేరు, దిగిన బాలుడు వేరు. బ్రతుకునకొక ప్రయోజనము దొరకినదని ఆయన భావించెను. నాటినుండి ప్రతి సంవత్సరము అక్టోబరు 19వ తేదీని తన సొంత పండుగదినముగా తలచుకొనుచుండెను.

కలగనుట సులభము, దానికి తగిన చదువు సంపాదించుట కష్టము. గాడ్డార్డు ఇరువదియొకటవ యేట, 1904లో, వూస్టరులోని సౌత్ హైస్కూలునుండి తరగతిలో మొదటివాడై ఉత్తీర్ణుడయ్యెను. వయస్సు మీరినదని సిగ్గుపడలేదు. తరువాత వూస్టరు పాలిటెక్నిక్ విద్యాసంస్థలో చేరి 1908లో పట్టము పొందెను. అచ్చట చదువుచున్న కాలమున, 1907లో, భౌతికశాస్త్ర భవనపు నేలమాళిగలో మందుగుండు రాకెట్టునొకదానిని కాల్చి భవనమునంతయు పొగతో నింపెను. అధికారులు ఆయనను వెడలగొట్టక, ఆ కృషియెట్టిదో తెలిసికొనుటకు ఆసక్తి చూపిరి. ఒక్క కోపపు సంతకముతో ఆనాడు ఎంత నష్టము జరిగియుండునో ఊహింపుడు. పిదప క్లార్కు విశ్వవిద్యాలయమున చేరి 1911లో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టమును సంపాదించెను.

1912లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున పరిశోధనకు అవకాశము లభించెను. కాని 1913 ఆరంభమున తల్లిని పీడించిన క్షయయే కుమారుని గూడ పట్టుకొనెను. రెండు వారములకు మించి బ్రతుకడని వైద్యులు తలంచిరి. ఇంటికి చేరి, మంచముపై పరుండి, కొద్దికొద్దిగా కోలుకొనుచునే ఆయన తన ఆలోచనలను కాగితముపై పెట్టెను. 1914 జూలైలో ఆయనకు రెండు పేటెంటు హక్కులు లభించెను. ఒకటి, ఒకదానిపై నొకటి అమర్చిన అంచెల రాకెట్టు. రెండవది, ద్రవ ఇంధనముతో నడచు రాకెట్టు. చంద్రునివరకు మానవుని గొనిపోయిన రాకెట్టులో ఈ రెండు భావములును కలవు. మృత్యువు తలవాకిట నిలిచియున్న దినములలో వాటికి రూపమిచ్చెననుట మరువరాదు.

ఆరోగ్యము కుదుటపడగా గాడ్డార్డు క్లార్కు విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, 1915 మొదలుకొని మందుగుండు రాకెట్టులను పరీక్షింపసాగెను. నాటి సాధారణ రాకెట్టులు తమ మందులోని శక్తిలో నూటికి సుమారు రెండు పాళ్లు మాత్రమే చలనముగా మార్చుచున్నవని కనుగొనెను. తక్కినదంతయు వేడియై, పొగయై వృథాపోవుచుండెను. ఆవిరి టర్బయినుల కొరకు స్వీడను దేశపు ఇంజనీరు డి లావాలు కల్పించిన నాజిలు, అనగా నడుమ సన్నగిలి చివర విప్పారిన గొట్టము, రాకెట్టునకు తగిలించి చూచెను. దానితో పనితనము నూటికి అరువది పాళ్లు దాటెను. వెలువడు వాయువుల వేగము సెకనుకు 7,000 అడుగులకు మించెను. మూతి ఆకారము మార్చిన మాత్రమున ఇంత భేదము కలిగెను.

రాకెట్టు శూన్యమున పనిచేయునా అను సంశయమొకటి అప్పుడుండెను. గాలిని తన్నుకొని రాకెట్టు ముందునకు పోవుననియు, గాలి లేనిచోట తన్నుటకేమియు నుండదనియు పలువురు తలంచుచుండిరి. మనము పడవలో నిలిచి గట్టుపైకి దూకినచో పడవ వెనుకకు జరుగును. ఆ జరుగుటకు కారణము మన కాలి త్రోపుడే గాని, వెనుకనున్న గాలి గాదు. రాకెట్టు సంగతియు నట్టిదే. వాయువులు వెనుకకు చిమ్మబడుటచే రాకెట్టు ముందునకు త్రోయబడును. ఇది న్యూటను చెప్పిన మూడవ సూత్రము. గాడ్డార్డు వాదములతో తృప్తిపడక, గాలి తీసివేసిన గొట్టములో రాకెట్టును కాల్చి త్రోపుడు బలమును కొలిచెను. గాలి లేనిచోట ఆ బలము తగ్గుటకు మారు హెచ్చెను. సంశయము కొలతతో తీరెను.

ఈ పనికి డబ్బు కావలెను. అధ్యాపకుని జీతము చాలకపోగా ఆయన 1916లో స్మిత్సోనియను సంస్థకు తన పరిశోధనలను వివరించి వ్రాసెను. 1917 జనవరిలో ఆ సంస్థ 5,000 డాలర్ల విరాళము మంజూరుచేసెను. ఇంతలో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున ప్రవేశింపగా, గొట్టమునుండి ప్రయోగించు చిన్న రాకెట్టును సైన్యమునకు తయారుచేసి 1918 నవంబరులో ప్రదర్శించెను. కొలది దినములకే యుద్ధము ముగియుటచే అది మూలబడెను. 1919 సంవత్సరపు తేదీతో స్మిత్సోనియను సంస్థ ఆయన పరిశోధన గ్రంథమును ప్రకటించెను. అత్యున్నత వాయుమండలమునకు కొలత పరికరములను పంపు మార్గమే దాని ముఖ్య విషయము. గ్రంథము చివర, వెలుగుమందును మోసికొనిపోయి చంద్రుని చీకటి భాగమున తగులు రాకెట్టు సాధ్యమా యని కొంత లెక్క వేసి చూపెను.

ఆ చివరిమాటయే ఆయనకు ముప్పు తెచ్చెను. కొలతలను, లెక్కలను ఎవ్వరును చదువలేదు. చంద్రుని మాట ఒక్కటే పత్రికలు పట్టుకొనెను. 1920 జనవరి 13వ తేదీన న్యూయార్కు టైమ్సు పత్రిక తన సంపాదకీయమున ఆయనను ఎగతాళి చేసెను. శూన్యమున రాకెట్టు నడువదనియు, హైస్కూలులో పిల్లలకు బోధించు పాఠమైనను ఈ ఆచార్యునకు తెలియదనియు దాని సారాంశము. శూన్యమున కొలిచి చూచినవాడు ఆచార్యుడు. కొలువక తీర్పు చెప్పినది పత్రిక. అయినను లోకము పత్రికనే నమ్మెను. సహజముగానే మితభాషియగు గాడ్డార్డు నాటినుండి తన పనిని గూర్చి బయట మాటాడుట తగ్గించుకొనెను. ఈ గాయము ఆయన జీవితాంతము మానలేదు.

నవ్వినవారు నవ్వుచుండగా ఆయన పని సాగుచునే యుండెను. మందుగుండు ఎంత మెరుగుపరచినను చాలదని గ్రహించి, పెట్రోలును ద్రవ ప్రాణవాయువును కలిపి మండించు ఇంజనును నిర్మింప మొదలిడెను. ప్రాణవాయువు ద్రవరూపమున నుండవలెనన్న శూన్యము క్రింద 183 సెంటిగ్రేడు డిగ్రీల చలి కావలెను. అంతటి చలిద్రవమును, అంతటి మంటను పక్కపక్కనే నిలుపుట ఎంతటి చిక్కో వేరుగ చెప్పనక్కరలేదు. 1924లో ఆయన ఎస్తరు కిస్కును వివాహమాడెను. ఆమె ఆయన వ్రాతలను టైపు చేసెను. ప్రయోగములను ఫొటోలు తీసెను. గడ్డి అంటుకొన్నప్పుడు మంటలార్పుటకును సాయపడెను.

1926వ సంవత్సరము మార్చి 16వ తేదీన ఆబర్ను గ్రామమున, దూరపు బంధువగు ఎఫీ అత్తగారి పొలములో, మంచు నేలపై ఒక ఇనుప చట్రము నిలుపబడెను. అందులో పది అడుగుల పొడవుగల సన్నని గొట్టముల రాకెట్టు కలదు. ఇంజను పైన, ఇంధనపు తొట్లు క్రింద నుండెను. భార్య ఎస్తరు, సహాయకుడు హెన్రీ సాక్సు, సహాధ్యాపకుడు పెర్సీ రూపు మాత్రమే చూచువారు. నిప్పంటించిన పిమ్మట కొంతసేపు రాకెట్టు కదలక, పిదప మెల్లగా లేచి, రెండున్నర సెకనులలో 41 అడుగుల ఎత్తునకు పోయి, 184 అడుగుల దూరమున క్యాబేజీ మడిలో పడెను. ఎస్తరు చేతి చలనచిత్ర యంత్రపు స్ప్రింగు కొలది సెకనులకే విడిపోవుటచే ఆ ప్రయాణము చిత్రములో చిక్కలేదు. మన ఊరి కొబ్బరిచెట్టంత ఎత్తు! కాని అంతరిక్ష యాత్రలన్నింటికి ఆ క్యాబేజీ మడియే తొలి మజిలీ. ఈ విజయమును గాడ్డార్డు లోకమునకు చాటలేదు. పది సంవత్సరముల తరువాత, 1936లో, స్మిత్సోనియను ప్రకటించిన రెండవ నివేదికలో గాని అది బహిరంగముగా వెల్లడి కాలేదు.

మన విషయమునకు అంతకంటె ముఖ్యమైన దినము 1929 జూలై 17. ఆనాడు ఎగిరిన రాకెట్టులో గాడ్డార్డు ఒక వాయుభారమాపకమును, ఒక ఉష్ణమాపకమును, వాటి అంకెలను ఫొటో తీయుటకు ఒక చిన్న కెమేరాను అమర్చెను. రాకెట్టు సుమారు 90 అడుగులు మాత్రమే లేచెను. పరికరములు తిరిగి చేతికి చిక్కెను. ఎత్తు అల్పమే, భావము మాత్రము గొప్పది. పైకి పోవుట చాలదు, పైనున్నదానిని కొలిచి ఆ కొలతను క్రిందికి తేవలెను అనుటయే ఆ భావము. నేటి ఔత్సాహికుల రాకెట్టులోని పరికరముల పలకకు ఆ భారమాపకమే ముత్తవ్వ.

ఆనాటి ధ్వనికి ఇరుగుపొరుగువారు బెదరిరి. విమానము కూలినదని తలచి పోలీసులును, రోగుల బండియు పరుగెత్తుకొని వచ్చిరి. చంద్రుని చేరలేదని పత్రికలు మరల పరిహసించెను. అగ్నిమాపక శాఖాధికారి ఆ రాష్ట్రమున ఇట్టి ప్రయోగములు చేయరాదని నిషేధించెను. కాని ఈ అల్లరియే ఒక మేలు కూడ చేసెను. వార్త చూచి, అట్లాంటికు మహాసముద్రమును ఒంటరిగా విమానమున దాటిన లిండ్‌బర్గు 1929 నవంబరులో గాడ్డార్డును దర్శించెను. ఆయన సిఫారసుచే డేనియలు గుగన్‌హైము అను ధనవంతుడు 1930లో నాలుగేండ్లకు లక్ష డాలర్ల సాయము వాగ్దానము చేసెను.

దానితో గాడ్డార్డు న్యూమెక్సికో రాష్ట్రములోని రోస్వెల్ అను ఎడారి పట్టణమునకు తరలెను. అచ్చట ఇండ్లు తక్కువ, ఆకాశమెక్కువ. 1930 డిసెంబరు 30వ తేదీన ఒక రాకెట్టు 2,000 అడుగుల ఎత్తునకు, గంటకు 500 మైళ్ల వేగముతో పోయెను. ఎగురుట తెలిసినది, తిన్నగా ఎగురుట తెలియవలసి యుండెను. అందుకై ఆయన గైరోస్కోపును వాడెను. వేగముగా తిరుగు బొంగరము పడిపోక నిలుచుట మనమెరుగుదుము. రాకెట్టులో నట్టి తిరుగుడు చక్రము నుంచినచో, రాకెట్టు ఏ వైపు వాలినను చక్రము తన దిక్కు విడువదు. ఆ భేదమును గ్రహించి, మంట దారిలోని చిన్న రెక్కలు కదలి రాకెట్టును నిలువునకు తెచ్చును. 1935 మార్చి 28వ తేదీన ఇట్టి రాకెట్టు 4,800 అడుగుల ఎత్తునకు లేచెను. 1937లో ఒకటి 8,000 అడుగులు దాటెను. పోవుదారిని తానే కనిపెట్టి తానే దిద్దుకొను యంత్రము ఆ విధముగా పుట్టెను.

ఇచ్చట మేము ఒక కష్టమైన మాట చెప్పవలసియున్నది. ఇంతటి పని జరుగుచుండగా లోకమునకు తెలిసినది చాల తక్కువ. 1930లో న్యూయార్కునందు స్థాపితమైన ఔత్సాహికుల సంఘము వివరములు కోరినను ఆయన పెక్కు విషయములు చెప్పలేదు. 1936లో కాలిఫోర్నియానుండి ఫ్రాంకు మలీనా అను యువ పరిశోధకుడు రోస్వెల్ వచ్చెను. గాడ్డార్డు ఆదరముతో చూచెను గాని నిర్మాణ రహస్యములను బయలుపెట్టలేదు. ఫలితమేమి? అమెరికాలో ఇతరులు అవే తప్పులను తిరిగి చేసి, అవే పాఠములను తిరిగి నేర్చికొనవలసి వచ్చెను. జర్మనీలో 1927లో ఏర్పడిన సంఘపు యువకులు తమంతట తామే పరిశోధించిరి. పిదప సైన్యపు ధనముతో నిర్మింపబడిన వి-2 రాకెట్టు 1942లో అంతరిక్షపు అంచు వరకు లేచెను. గాడ్డార్డు ఒంటరిగా కనుగొన్న పంపులు, గైరోస్కోపులు, మంటలోని రెక్కలు అందులోను కలవు.

ఆయనను నిందించుట మా యుద్దేశము గాదు. తెలియనివారు నవ్వినప్పుడు తెలిసినవాడు తలుపు మూసికొనుట సహజము. తన కల్పనలను ఇతరులు హరింతురను భయమును ఆయనకు కలదు. అయినను ఆ మూసిన తలుపు వెలుపల నిలిచినవారికే గాక, లోపలనున్న ఆయనకును నష్టము చేసెను. తప్పు చూపు స్నేహితుడు, భారము పంచుకొను సహచరుడు లేక, ప్రతి చిక్కును ఆయన తానొక్కడే విప్పుకొనవలసి వచ్చెను. నవ్వినవారి తప్పును, దాచినవాని తప్పును కలిసి శాస్త్రమును కొన్నియేండ్లు వెనుకకు లాగెనని మేము తలంచెదము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున గాడ్డార్డు అనాపొలిస్ నగరమున నౌకాదళము కొరకు పనిచేసెను. 1945లో ఆయన గొంతులో పుట్టకురుపు ఉన్నట్లు తేలెను. శస్త్రచికిత్స చేసినను లాభము లేకపోయెను. ఆగస్టు 10వ తేదీన బాల్టిమోరు నగరమున, అరువదిరెండవ యేట, ఆయన పరమపదించెను. స్వగ్రామమగు వూస్టరులో ఆయన సమాధి కలదు. తాను ఎగురవేసిన ఏ రాకెట్టును రెండు మైళ్ల ఎత్తైనను చేరకముందే ఆయన కన్నుమూసెను. అంతరిక్షయుగమును ఆయన చూడలేదు.

మూసిన తలుపును తెరచినది ఆయన భార్య. భర్త నోటుపుస్తకములను, ఉత్తరములను, చిత్రములను ఎస్తరు సంవత్సరముల తరబడి క్రమపరచెను. ఆయన పేర మొత్తము 214 పేటెంటులు కలవు. వాటిలో 131 ఆయన మరణానంతరము లభించినవి. 1959లో మేరీలాండు రాష్ట్రమున స్థాపించిన అంతరిక్ష పరిశోధన కేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి. 1960లో ఆ పేటెంటులను వాడుకొన్నందుకు అమెరికా ప్రభుత్వము పది లక్షల డాలర్లు చెల్లించెను. 1970లో ఆయన పత్రములు మూడు సంపుటములుగా వెలువడెను. దానికి ముందు సంవత్సరము, 1969 జూలై 16వ తేదీన అపోలో-11 చంద్రునివైపు బయలుదేరెను. మరునాడు, అనగా జూలై 17న, న్యూయార్కు టైమ్సు పత్రిక తన పాత సంపాదకీయము తప్పని అంగీకరించి విచారము తెలిపెను. భారమాపకముతో తొలి రాకెట్టు ఎగిరిన దినమునకు సరిగా నలువది యేండ్లు నిండిన నాడది.

నేటి ఔత్సాహికుల రాకెట్టులో అరచేతికంటె చిన్నదగు ఒక పలక యుండును. దానిపై గాలి ఒత్తిడిని కొలుచు సాధనము, వేగపు మార్పును కొలుచు సాధనము, లెక్కచేయు మైక్రోకంట్రోలరు, కొలతలను దాచు జ్ఞాపకపు చిప్పు కలవు. సముద్రమట్టము దగ్గర ప్రతి 100 మీటర్ల ఎత్తునకు గాలి ఒత్తిడి సుమారు 12 మిల్లీబార్లు తగ్గును. ఒత్తిడి తగ్గుచున్నంతవరకు రాకెట్టు లేచుచున్నదని అర్థము. తగ్గుట ఆగి పెరుగ నారంభించినచో శిఖరము చేరినదని అర్థము. ఆ క్షణమున పలక ఆజ్ఞ యిచ్చి పారాచూటును విప్పించును. ధ్వనివేగమును దాటునప్పుడు పుట్టు ఒత్తిడి అలలు ఈ సాధనమును మోసపుచ్చగలవు. కనుక ఆ కొలదిసేపు దాని మాట వినరాదని ఆదేశములలో ముందే వ్రాసెదరు. ఇట్టి జాగ్రత్తలు ఏ ఒక్కరి బుద్ధిలోను పుట్టినవి గావు. ఎందరివో రాకెట్టులు నేలగూలగా, వారు దాచక చెప్పగా, అందరికిని తెలిసినవి.

2005లో ఇటలీ దేశమున పుట్టిన ఆర్డుయినో అను చవుక పలక యొక్క పటము అందరికిని ఉచితముగా లభించునది. టెలిమెట్రమ్ అను రాకెట్టు పరికరపు పటమును, ఆదేశములును అట్లే బహిరంగములు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థుల సంఘము తమ రాకెట్టుల, ఉపగ్రహముల రచనను దాపరికము లేక ప్రకటించుచున్నది. 2004 మే 17వ తేదీన ఒక ఔత్సాహిక బృందపు రాకెట్టు నెవాడా ఎడారినుండి లేచి 100 కిలోమీటర్ల ఎత్తును దాటెను. 2019లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు అట్టి ఎత్తునే సాధించిరి.

మన దేశమున సైతము గాడ్డార్డు మొదట కోరిన పనియే అంతరిక్ష పరిశోధనకు ఆరంభమైనది. 1963 నవంబరు 21వ తేదీన కేరళలోని తుంబనుండి ఎగిరిన తొలి రాకెట్టు ఎత్తైన వాయుమండలమును పరీక్షించుటకే పోయెను. 1971 అక్టోబరు 9వ తేదీన తెలుగునేలపైనున్న శ్రీహరికోటనుండి తొలి రోహిణి రాకెట్టు లేచెను.

విద్యార్థులారా, మందుగుండును ఇంటిలో కలిపి ప్రమాదము తెచ్చుకొనుడని మేము చెప్పుట లేదు. పెద్దల పర్యవేక్షణ, ప్రభుత్వపు అనుమతి లేక అట్టి పని చేయనేరాదు. కాని ఒత్తిడి కొలుచు చిన్న సాధనమును పలకకు కలిపి, బడి మేడమెట్లు ఎక్కుచు దిగుచు అంకెలెట్లు మారునో చూచుటకు మందు అక్కరలేదు. చూచినది వ్రాసియుంచుడు, పని కుదరనిచో అదియు వ్రాయుడు. పిదప దానిని తోటివారికి చూపుడు. చుట్టును వేరు భాష వినవచ్చు ఈ ఊళ్లలో మనము తెలుగున చదువుకొనుచున్నాము. మనము తెలిసికొన్నదానిని తెలుగున వ్రాసి మన తమ్ములకు చెల్లెండ్రకు అందించుటయు, ఇరుగుపొరుగువారి భాషలో వారికి వివరించుటయు రెండును మన విధులే.

గాడ్డార్డు ఎక్కిన చెర్రీ చెట్టు 1938లో వచ్చిన పెనుగాలికి కూలిపోయెను. ఆ చెట్టుపై బాలుడు కన్న కల మాత్రము కూలలేదు. ఓర్పును, కొలతను, వ్రాసియుంచు అలవాటును మనము ఆయననుండి నేర్చికొందము. తెలిసినది పదుగురికి పంచుటను ఆయన తరువాతివారినుండి నేర్చికొందము. తోటివాడు క్రొత్త మాట చెప్పినప్పుడు నవ్వకుండుటను మనమే అలవరచుకొందము.